నువ్వు రాయబోయే కథల గురించి

కడప

ప్రియమైన దానియేలూ,

వందనాలు రా. ఇంట్లో అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ ఎండ మండిపోతోంది, మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి కనపడడు.

ఈసారి వి.బి.ఎస్. (వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పెట్టే బైబిలు బడి) కథలు నువ్వే రాయాలని జమ్మలమడుగు అయ్యగారు అన్నారని, టెన్షన్‌గా ఉందని ఫోన్‌లో చెప్పినావు కదా. అప్పటినుంచి నీకు పిల్లల కథల రచయిత్రి ప్యాట్రీషియా సెయింట్ జాన్ గురించి రాయాలని ఉంది. ఫోన్‌లో తెగే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఆమె 1919లో ఇంగ్లండులో పుట్టింది. అమ్మానాన్నలు దక్షిణ అమెరికాలో సేవ చేసి వచ్చినవాళ్లు. చిన్నతనంలో కొంతకాలం స్విట్జర్లాండులో ఉంది. తర్వాత ఆమె ఇంగ్లండులోని మాల్వర్న్ కొండల దగ్గర పెరిగింది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లో నర్సు ట్రైనింగ్ చేసింది. ఆ తర్వాత ఆడపిల్లల బడిలో హాస్టల్ పిల్లల్ని చూసుకుంటూ వాళ్లకు కథలు చెప్పేది. 1949లో మొరాకోలోని టాంజియర్‌కు పోయింది. అక్కడి మిషన్ ఆసుపత్రిలో ఆమె అన్నదమ్ముల్లో ఒకరు డాక్టరు. చాలా ఏళ్లు ఆ దేశంలోనే ఉండి, కొండ ఊళ్లలో కూడా నర్సుగా పనిచేసింది. 1993లో చనిపోయింది.

ఇప్పుడు ఆమె కథలు చూడు. 1950లో వచ్చిన స్విట్జర్లాండు కథలో లూసియన్ అనే పిల్లవాడు కోపంతో చిన్న డానీ పిల్లిపిల్లను లోయ మీద వేలాడదీస్తాడు. దాన్ని కాపాడబోయి డానీ పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. డానీ అక్క ఆనెట్ లూసియన్‌ను క్షమించలేక ఎన్ని రోజులు లోపల్లోపల కుమిలిపోతుందో! ఆ పిల్ల పగను రచయిత్రి చిన్నది చేసి చూపించదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మన సీమలో పగ అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పాలా? ఇంట్లో పెద్దల మాటల్లోనే వింటారు. ఆ కథ మన పిల్లలకు చెబితే ఒక్కడు కూడా కదలడు, నేను చూసినాను.

1953లో వచ్చిన మొరాకో కథలో హమీద్ అనే పిల్లవాడు గుడ్డి చెల్లెలు కిన్జాను వీపున మోసుకొని కొండ దిగి పట్నంలోని నర్సు దగ్గరికి పోతాడు. ఎందుకంటే మారుతండ్రి ఆ బిడ్డను బిచ్చగాడికి అమ్మబోతున్నాడు. ఆ సందులు, ఆ ఆకలి, ఆ పిల్లల కళ్లు ఆమె రోజూ చూసినవే. కొన్నిచోట్ల పెద్దవాళ్లు వచ్చి బైబిలు వాక్యం చెప్పేటప్పుడు కొంచెం తొందర కనిపిస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఊరు మాత్రం ఎక్కడా అబద్ధంగా ఉండదు.

నేను అనేది ఇదే రా. ఆమె తాను నడిచిన నేల మీద కథ పెట్టింది. నువ్వు స్విట్జర్లాండు మంచు గురించి రాయొద్దు. నీకు పెన్నా ఉంది, గండికోట లోయ ఉంది. ఆ లోయ అంచున పిల్లలు ఎంత ప్రమాదంగా ఆడుకుంటారో నీకంటే ఎవరికి తెలుసు? నాపరాయి గనుల్లో పనిచేసే అమ్మానాన్నల కోసం సాయంత్రం దాకా ఎదురుచూసే పిల్లలున్నారు. క్యాంబెల్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. పల్లెల నుంచి బిడ్డల్ని ఎత్తుకొని అక్కడికి వచ్చిన తల్లుల కథలు మీ అవ్వకు ఎన్నో తెలుసు కదా, కూర్చోబెట్టి అడుగు. కథలో పిల్లలు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తినాలి. పక్కింటి పిల్లవాడు దర్గాకు పోయేవాడైతే వాణ్ణి కూడా రానీ, మన వీధులు అట్లే ఉంటాయి కదా.

ఆరేడు కథలు ఒకేసారి మొదలుపెట్టొద్దు. ముందు ఒక్కటి రాయి. రాసినాక ఎవరికీ చూపించకముందే నీ క్లాసు పిల్లలకు చదివి వినిపించు, ఎక్కడ పక్కచూపులు చూస్తారో అక్కడ కొట్టెయ్. తర్వాత నాకు పంపు. లూసియన్ కథ పుస్తకం మా తమ్ముడు ఆదివారం అటు వస్తున్నాడు, వాడి చేత పంపిస్తాను. ఆరాధన అయ్యాక గేటు దగ్గర కలువు.

నీ
సామేలు