వల, కాటా, నోటు పుస్తకం: మన మత్స్యకారుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, ఆడపడుచులకు, రొయ్యల గుంటల రైతులకు నమస్కారం.

ఏటా మనం సర్వసభ్య సమావేశాన్ని వేట నిషేధం రోజుల్లోనే పెట్టుకుంటాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులందరూ ఊళ్లో దొరుకుతారు. ఈసారి కూడా అలాగే కూర్చుంటున్నాం. వలలు బాగుచేసుకుంటూ వినేవాళ్లు వినొచ్చు, ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో చదివించుకునేవాళ్లు చదివించుకోవచ్చు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పోయినేడు సమావేశంలో మన పెద్దాయన ఒకరు లేచి అడిగిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. "పులికాట్ సరస్సులో చేప తగ్గిపోయిందని మా నాయన కాలం నుంచి అర్జీలు ఇస్తున్నాం. ఎంత తగ్గిందో మనలో ఒక్కరైనా రాసిపెట్టారా?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అంతకు కొన్నాళ్ల ముందే సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం పూడిక గురించి అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాం. అక్కడ కూర్చున్న ఆయన మర్యాదగానే అడిగారు: ఏ నెలలో ఎంత పడుతోంది, అంతకుముందు ఎంత పడేది, నీళ్లలో ఉప్పు ఎంత ఉంది? మన దగ్గర ఉన్నదల్లా బాధ. లెక్క లేదు. ఆ అర్జీ కాగితం ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. ఈ ఏడాది సంఘం చేసిన పనిలో ముప్పావు భాగం ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

పట్టుబడి పుస్తకం

పడవకు ఒక నోటు పుస్తకం ఇచ్చాం. తేదీ, ఏ వల, ఎన్ని గంటలు వేట, ఏ చేప ఎంత, డీజిల్ ఎంత. ఇంతే రాయమన్నాం. మొదటి మూడు నెలల లెక్క దేనికీ పనికిరాలేదు. అందరూ గంపల్లో రాశారు, ఒకరి గంప ఇంకొకరి గంపకు సాటి రాదు. "రెండు గంపల నెత్తళ్లు" అంటే ఒక పడవలో ఒక బరువు, పక్క పడవలో ఇంకో బరువు. దాంతో రేవులో సంఘం తరఫున ఒక కాటా పెట్టాం. కిలోల్లో తూచి రాయడం జూలై నుంచి మొదలైంది. కాబట్టి ఈ ఏడాది పుస్తకంలో నమ్మదగిన లెక్క తొమ్మిది నెలలదే. ముందు మూడు నెలల పేజీలు చింపలేదు, వాటి మీద "గంపలు" అని రాసి ఉంచాం.

ఇంకో ఇబ్బంది నిజాయితీగా చెప్పాలి. కొందరు తక్కువ రాశారు. ఎందుకంటే అడ్వాన్సు ఇచ్చిన సావుకారు చూస్తాడని భయం, ఎక్కువ పట్టామని తెలిస్తే పథకం డబ్బు ఆగుతుందేమోనని ఇంకో భయం. ఈ భయం ఉన్నంతకాలం ఏ పుస్తకమూ నిజం చెప్పదు. అందుకే కమిటీ ఒక తీర్మానం చేసింది: పడవ పుస్తకం పడవ యజమానిదే. సంఘం రాసుకునేది ఊరి మొత్తం మాత్రమే, అందులో ఎవరి పేరూ ఉండదు. సావుకారుకు గానీ, కంపెనీవాళ్లకు గానీ, ఇంకెవరికి గానీ సంఘం పుస్తకం చూపాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. ఈ తీర్మానం తర్వాతే రాతలో తేడా కనిపించింది.

ఈ లెక్కలన్నీ ఫోనులోకి ఎక్కించేది మన ఊరి డిగ్రీ పిల్లలు, ఇద్దరు అమ్మాయిలు. వాళ్లు నెల నెలా గీసి గోడకు అంటించే పటం ముందు మగవాళ్లు నిలబడి వాదించుకోవడం నేను కళ్లారా చూశాను. కానాగంత ఏ వారంలో పెరిగింది, పీతలు ఎప్పుడు తగ్గాయి అని వాళ్లు గీతల మీద వేలు పెట్టి మాట్లాడుకుంటున్నారు. పీతలు, చిన్న రొయ్యలు చేతులతోనూ చిన్న వలలతోనూ పట్టే మన యానాది కుటుంబాల లెక్క మాత్రం ఇందులో సరిగ్గా రాలేదు. వాళ్లు రేవుకు రారు, సరస్సు అంచునే అమ్మేసి వెళ్తారు. ఈ లోటు పెద్దది. వాళ్లను వదిలేసి తీసిన లెక్కను పులికాట్ లెక్క అనలేం.

సరస్సు నీళ్లు

పులికాట్ చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అందులో ఎక్కువ భాగం మన వైపే ఉంది. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. కాళంగి, ఆరణి నదుల నుంచి తీపి నీళ్లు రావాలి, ముఖద్వారాల నుంచి సముద్రపు నీళ్లు రావాలి. రెండూ కలిస్తేనే సరస్సు బతుకుతుంది. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్ల పెరిగేది సరస్సులో. మన రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుకతో పూడితే పిల్ల లోపలికి రాలేదు, ఎండాకాలంలో నీళ్లు ఆవిరై ఉప్పు పేరుకుపోతుంది. ఇది మనకు పుట్టుకతో తెలుసు. కానీ తెలిసినది కాగితం మీద లేదు.

ఈ ఏడాది ఒక సెలైనిటీ మీటరు కొన్నాం. చేతిలో పట్టేంత చిన్నది, రెండు చుక్కల నీళ్లు వేసి వెలుతురుకేసి చూస్తే చాలు. ప్రతి ఆదివారం పొద్దున నాలుగు చోట్ల చూసి రాస్తున్నాం. సముద్రపు నీళ్లలో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు ఉంటుంది. అక్టోబరు 17న చెన్నై దగ్గర వాయుగుండం తీరం దాటిన తర్వాత వచ్చిన ఆదివారం, నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన మర్నాటి ఆదివారం, మన లెక్కలో ఉప్పు బాగా పడిపోయింది. ఆ వారాల్లోనే పట్టుబడి పుస్తకంలో రొయ్య కదిలింది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసినరోజు నాకు కళ్లు చెమర్చాయి. పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇలాగే వస్తుంది, నెమ్మదిగా. ఒక్క ఏడాది లెక్కతో ముఖద్వారం తవ్వించలేం. మూడేళ్లు ఆగకుండా రాస్తే మాత్రం ఏ ఆఫీసులోనైనా బల్ల మీద పెట్టి మాట్లాడగలం.

తమిళనాడు వైపు పళవేర్కాడులో మన సోదరులు తరతరాలుగా "పాడు" పద్ధతి పాటిస్తారు. ఏ రోజు ఏ కుటుంబం ఏ చోట వల కట్టాలో ఊరంతా కూర్చుని వంతులు వేసుకుంటుంది. ఫోనూ ఉపగ్రహమూ లేని రోజుల్లోనే వాళ్లు వేట నిర్వహణ అంటే ఏమిటో చేసి చూపించారు. మనం కొంటున్న మీటర్లకు అలాంటి కట్టుబాటు తోడైతేనే ఉపయోగం అని కమిటీ నమ్ముతోంది.

సముద్రంలో వేట: ఆకాశం నుంచి వచ్చే కబురు

శ్రీహరికోట పక్కనే బతుకుతున్న మనకు రాకెట్ అంటే ముందుగా గుర్తొచ్చేది "ఆ రోజు వేటకు వెళ్లొద్దు" అన్న హెచ్చరిక. కానీ ఆ రాకెట్లు మోసుకెళ్లిన కొన్ని ఉపగ్రహాలు మన కోసమే తిరుగుతున్నాయని ఎంతమందికి తెలుసు? 2022 నవంబరు 26న ఇక్కడి నుంచే వెళ్లిన ఓషన్‌శాట్-3 సముద్రపు రంగును చూస్తుంది. నీళ్లలోని కంటికి కనపడని పచ్చటి మొక్కలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి చిన్న చేప మేతకు వస్తుంది, దాని వెనక పెద్ద చేప వస్తుంది. సముద్రపు రంగునీ, పై నీటి వేడినీ ఉపగ్రహాల నుంచి తీసుకుని, చేప దొరికే అవకాశం ఉన్న చోట్లను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉచితంగా చెబుతోంది. ఏ లైట్‌హౌస్ నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అన్న వివరాలు తెలుగులోనే ఉంటాయి.

ఈ ఏడాది ఆ కబురును రోజూ రేవులో బోర్డు మీద రాశాం. అనుభవం ఇది: కవళ్లు, కానాగంత లాంటి పైనీటి చేపలకు బాగా పనికొచ్చింది. తిరిగి వెతకడం తగ్గింది కాబట్టి డీజిల్ మిగిలిందని పడవలవాళ్లు చెప్పారు. అడుగున తిరిగే చేపకు పెద్దగా పనికిరాలేదు. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి సముద్రం కనపడదు, కబురు రాదు. మనకు వాన మబ్బులు ఎక్కువుండే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో బోర్డు చాలా రోజులు ఖాళీగానే ఉంది. కొందరు "మోసం" అని కోప్పడ్డారు. మోసం కాదు. అది చేప ఉందని ఇచ్చే హామీ కాదు, ఉండే అవకాశం ఎక్కువని చెప్పే మాట. గాలి, నీటి వాటం, పక్షుల గుంపు చూసి మన పెద్దలు చెప్పేదాన్ని వదిలిపెట్టమని ఎవరూ అనడం లేదు. అదే సంస్థ ఇచ్చే అలల హెచ్చరికను మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఆ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాసిన రోజు పడవ తీయకూడదని సంఘం నియమం.

పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చెప్పే ట్రాన్స్‌పాండర్ల మీద చర్చ చాలా వేడిగా సాగింది. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించిన పథకం కింద దేశంలో లక్ష పడవలకు ఈ పరికరాలు అమర్చాలని నిర్ణయించారు. ఫోను సిగ్నల్ అందని దూరంలో కూడా ఆపదలో బటన్ నొక్కితే ఒడ్డుకు తెలుస్తుంది, తుపాను కబురు పడవకు చేరుతుంది. ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. సమావేశంలో ముందుగా "కావాలి" అన్నది వాళ్లే. మగవాళ్ల అభ్యంతరం కూడా న్యాయమైనదే: నేను ఏళ్ల తరబడి కనిపెట్టుకున్న వేట చోటు పదిమందికీ తెలిసిపోతే? ఈ పరికరం ఇచ్చే స్థానం వివరాలు ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు అని మత్స్యశాఖను రాతపూర్వకంగా అడిగాం. ప్రాణం కాపాడే పరికరాన్ని వద్దనలేం, కానీ ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

2025 జనవరి 29 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం జరిగింది. దారి చూపే మన నావిక్ వ్యవస్థ ఉపగ్రహమే అది. పడవలన్నీ ఒడ్డున ఉన్న ఆ పొద్దున పిల్లలంతా ఇసుకలో నిలబడి చూశారు. ఆ ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయిందని తర్వాత తెలిసి మన కుర్రవాళ్లు చాలా బాధపడ్డారు.

రొయ్యల గుంటలు

ముందు జరిగిన తప్పు చెబుతాను. గుంటల రైతుల కోసం సంఘం ఒక ఆక్సిజన్ మీటరు కొని వంతులవారీగా ఇచ్చింది. పగలు ఎండకు నీళ్లలోని పచ్చదనం ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పచ్చదనం రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పాలి, 3 కంటే తగ్గితే ప్రమాదం. సెప్టెంబరులో ఒక రాత్రి మీటరు 5 చూపించింది. ఆ రైతు కరెంటు ఆదా అవుతుందని రెండు ఏరేటర్లు ఆపి పడుకున్నాడు. తెల్లారేసరికి రొయ్య గట్టు అంచుకు చేరి తేలుతోంది. సగం పంట పోయింది. ఆ మీటరును నెలన్నరగా కాలిబ్రేట్ చేయించలేదు, అంటే సరిగ్గా చూపుతోందో లేదో సరిచూడలేదు. ఆ బాధ్యత కార్యదర్శిగా నాది. ఆ కుటుంబానికి సభ ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇప్పుడు మీటరు పెట్టె మూతకు ఒక కార్డు అంటించాం. చివరిసారి ఎప్పుడు సరిచూశారో, ఎవరు సరిచూశారో సంతకంతో అందులో ఉంటుంది. కార్డులో వారం దాటిన తేదీ ఉంటే మీటరు ఎవరికీ ఇవ్వం. మీటరు ఏం చెప్పినా తెల్లవారుజామున ఒకసారి గట్టు మీద టార్చి వేసి చూడాల్సిందే.

మేత పుస్తకం మాత్రం మంచి ఫలితం ఇచ్చింది. గుంట ఖర్చులో సగానికి పైగా మేతే. రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, వారం వారం విసురు వల వేసి తీసిన రొయ్య సగటు బరువు ఎంత, కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పడింది అని రాసిన రైతులకు తమ కిలో ఖర్చు రూపాయల్లో తెలిసింది. దీని విలువ 2025 ఏప్రిల్‌లో బయటపడింది. లెక్క ప్రకారం అది వచ్చే ఏడాది నివేదికలోకి రావాలి, అయినా ఇప్పుడే చెప్పాలి. ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించగానే కొనేవాళ్లు ధర కోసేశారు. ఊరంతా టెన్షన్. చాలామంది భయపడి రొయ్య చిన్నగా ఉండగానే గుంటలు ఖాళీ చేశారు. కిలో ఖర్చు రాసుకున్నవాళ్లు మాత్రం, ఇంకో పది రోజులు మేత వేస్తే ఎంత పెరుగుతుంది, అప్పుడు నష్టం ఎంత తగ్గుతుంది అని కూర్చుని లెక్కవేసుకున్నారు. వారం తిరగకుండానే ఆ పెంపును 90 రోజులు వాయిదా వేసి 10 శాతమే ఉంచారన్న కబురు వచ్చింది. ఆగినవాళ్లందరూ లాభపడ్డారని చెప్పను. కానీ ఎవరి నిర్ణయం వాళ్లు తెలిసి తీసుకున్నారు.

సీడ్, అంటే రొయ్య పిల్ల, గుంటలో వేసేముందు దానికి రోగం ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష గురించి ఒక్క మాట. కాగితం మీద "తెల్లమచ్చ లేదు" అని ఉంటే చాలదు. రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ రోగానికి కూడా చూశారా, నమూనా ఎవరు తీశారు, ఏ ట్యాంకు నుంచి తీశారు అని అడగండి. ఒక ల్యాబు ఇచ్చిన రిపోర్టులో ట్యాంకు నంబరే లేదు. ఆ సీడ్ తెచ్చిన రైతు పడ్డ కష్టం మనందరికీ తెలుసు.

మిగతా పనులు

కేంద్రం 2024 సెప్టెంబరులో ప్రారంభించిన జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో పేర్లు నమోదు చేసుకోవడానికి సంఘం ఆఫీసులో రెండు శిబిరాలు పెట్టాం. ఆధార్‌కు ఫోను నంబరు లింకు లేనివాళ్లు వెనుదిరగాల్సి వచ్చింది. వాళ్ల జాబితా ఉంది, నిషేధం రోజుల్లోనే పూర్తిచేస్తాం. చేపలు అమ్మే ఆడవాళ్లు కూడా నమోదు కావచ్చు, ఇది చాలామందికి తెలియదు. నిషేధ భృతి రూ.10,000 నుంచి రూ.20,000కు పెరిగింది. పేరు రానివాళ్లు పడవ రిజిస్ట్రేషన్ కాగితాలతో కలవాలి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. కాటా, రెండు మీటర్లు, నోటు పుస్తకాలకు అయిన ప్రతి రూపాయికీ రసీదు ఉంది.

సభ ఆమోదం కోరుతున్న పనులు రెండు. ఒకటి, యానాది కుటుంబాల నుంచే ఒకరిని గౌరవ వేతనం మీద నియమించి, సరస్సు అంచున అమ్మకం జరిగే చోటే తూచి రాయించడం. రెండోది, ఉప్పు లెక్కకు రాయదొరువు దగ్గర ఐదో చోటు కలపడం. అక్కడికి ప్రతి ఆదివారం వెళ్లాలంటే పడవా డీజిలూ కావాలి, వంతులు వేసుకుందాం. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగుస్తుంది. అంతకు ముందు వచ్చే ఆదివారం కొత్త పుస్తకాలు పంచుతాం. పాత పుస్తకం తెచ్చినవాళ్లకే కొత్తది.

— కార్యదర్శి, కమిటీ తరఫున