అమ్మాయి కంప్యూటర్‌కు భాగాల ఎంపిక

సికింద్రాబాద్

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. అమ్మాయికి కాకినాడలోనే ఇంజనీరింగ్ సీటు వచ్చిందని చదివి మా ఇంట్లో అందరమూ ఎంతో సంతోషించాం. తన కోడింగూ, నువ్వు తీసే ఫొటోలను దిద్దుకునే పనీ ఒకే డెస్క్‌టాప్ మీద సాగాలని రాశావు. దుకాణంవారి కొటేషన్‌ను రెండుసార్లు చదివాను. మొత్తంలో మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది. ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా మాత్రం ఏ కంపెనీదో కూడా లేకుండా ‘క్యాబినెట్‌తో పాటు’ అని ఉంది. నాకు బాధ కలిగింది అక్కడే.

కంప్యూటర్‌లోని ప్రతి భాగానికీ కరెంటు అందించేది ఎస్‌ఎంపీఎస్ కాబట్టి ఎంపిక దానితోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. పన్నెండేళ్ల క్రితం నేను కట్టించుకున్న మిషన్‌లో క్యాబినెట్‌తో వచ్చినదాన్నే ఉంచుకున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలో అది కాలిపోతూ, మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్కునూ కూడా బలి తీసుకుంది. మా పెద్దవాడి మొదటి పుట్టినరోజు ఫొటోలు ఆ డిస్కులోనే ఉండేవి. దాని మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉండేది. పక్కనే ఉన్న చిన్న పట్టికను చదవడం ఆ నష్టం తర్వాతే నేర్చుకున్నాను. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కరెంటు తీసుకునేది 12 వోల్టుల లైను నుంచి. పట్టికలో ఆ లైను గడిలో 16 ఆంపియర్లు అని ఉంటే, పైన ఏమి అచ్చువేసినా అక్కడ దొరికేది 192 వాట్లే. నువ్వు కొనేది 550 వాట్లది, ఆ గడిలో 40 ఆంపియర్లకు తగ్గనిది, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, ఐదేళ్ల వారంటీ ఇచ్చేది అయివుండాలి.

అయితే ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ తెచ్చినా ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రయోజనం ఉండదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ పాత కంప్యూటర్ క్యాబినెట్‌ను ముట్టుకుంటే నా చేయి జివ్వుమన్నది నీకు గుర్తుండే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనుప బాడీకి కలిపిన చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తీగ పనిచేస్తే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. పనిచేయకపోతే క్యాబినెట్ మన 230 వోల్టుల్లో దాదాపు సగం దగ్గర ఉండిపోతుంది. కాబట్టి ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూపించమని అడుగు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత కాంతితో వెలుగుతుందో ఇక్కడా అంతే వెలగాలి. మీ పెరట్లోని ఎర్తు గొయ్యిలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో కూడా కనుక్కో. వేసవిలో దానికి నీళ్లు పోయిస్తూ ఉండాలి. యూపీఎస్ విషయానికి వస్తే, 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దంటాను, కారణం కింద రాశాను; అది లేనంతవరకు ఈ మిషనూ మానిటరూ కలిపి 200 వాట్లు దాటవు కనుక అది సరిపోతుంది.

ఇక ప్రాసెసర్. కొటేషన్‌లోని ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంది. దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. అందువల్లనే కార్డు తప్పనిసరి అయింది. పైగా అది కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌ను వదిలి ఇంటెల్ 2024లోనే తన కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వేరే సాకెట్ పెట్టింది. నా సలహా ఏఎండీ రైజెన్ 5 7600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్, తెర నడపడానికి సరిపడే గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌లోనే 2024 నాటి 9000 వరుస కూడా కూర్చుంటుంది కాబట్టి, కొన్నేళ్ల తర్వాత ఆ సాకెట్ ఉండే బి650 రకం మదర్‌బోర్డును కదల్చకుండా ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవచ్చు. ఏఎండీదే అయిన రైజెన్ 5 8600జీలో గ్రాఫిక్స్ ఇంకా బలమైనవే గాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 32కు బదులు 16 ఎంబీయే ఉంటుంది. అమ్మాయి పనికి 7600 మేలు. తనకు మూడో ఏట మెషీన్ లెర్నింగ్ పని పడితే అప్పుడు ఎన్విడియా కార్డు కొందాం, యూపీఎస్ కూడా అప్పుడే పెద్దది తీసుకుందాం.

ర్యామ్ దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఎం5 మీద డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప మరొకటి పనిచేయదు. 16 జీబీవి రెండు పెట్టడమే సరైన పద్ధతి. అంత డబ్బు ఇప్పుడు కుదరకపోతే 8 జీబీవి రెండు కొనకుండా 16 జీబీది ఒక్కటే కొని, తర్వాత అదే మోడల్‌ది ఇంకొకటి చేర్చు. ఒక్కటే ఉన్నంతకాలం ర్యామ్ వేగం కొంత తగ్గుతుంది, కాని ఇప్పుడు 8 జీబీవి రెండు కొంటే రేపు పెంచుకునేటప్పుడు నాలుగు స్లాట్లూ నింపాల్సి వస్తుంది. నాలుగూ నిండితే ఏఎండీ చెప్పే వేగం 5200 నుంచి 3600కు పడిపోతుంది.

1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డు మీదే బిగించే వేగవంతమైన డిస్కు), పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ తీసుకో. వీటి గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. ఫొటోలకు మాత్రం వేరే హార్డ్‌డిస్కులో తప్పకుండా రెండో ప్రతి ఉంచు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాక మదర్‌బోర్డుకు ఉంటాయి, మొత్తం 1718. ఒక్కటి వంగినా వారంటీ వర్తించదని చెబుతారు, అందుకే సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను పారేయకుండా దాచాలి. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరూ విడిగా రాయించుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకుంటూ తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు; కంగారుపడి స్విచ్ ఆపవద్దని అమ్మాయికి ముందే చెప్పు.

భాగాలన్నీ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నేనే స్వయంగా చూసి కొని తీసుకొస్తాను. బల్బు ఎలా వెలిగిందో ముందు నాకు రాయి. ఆ జవాబు అందాకే బయలుదేరతాను.

నీ మిత్రుడు