సంక్రాంతి సెలవులకి ఒకటే హోంవర్క్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి సెలవులకి వర్క్‌బుక్కులు ఇవ్వడం లేదు. ఈపాటికే మీకు తెలిసిపోయి ఉంటుంది, ఇలాంటి కబురైతే పిల్లలు డైరీలో రాసుకోకుండానే ఇంటికి చేరవేస్తారు. దాని బదులు ఒకటే పని: దూరంగా ఉన్న చుట్టం ఒకరికి ఫోన్ చేసి, కబుర్లు అడిగి తెలుసుకుని, అర పేజీ రాసుకురావాలి.

ఈ ఆలోచన ఎక్కడిదంటే, పోయిన నెల రాజమండ్రిలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. బాగున్నావా అత్తా, తిన్నావా, అందరూ కులాసానా... రెండు నిమిషాల్లో అయిపోయింది. పెట్టేద్దామనుకుంటూ ఊరికే "పెరట్లో పనస పిందె వేసిందా?" అన్నాను. "చెట్టెక్కడిదే, మొన్న గాలివానకి పడిపోలా!" అంది. అక్కణ్ణుంచి నలభై నిమిషాలు. చెట్టు పడి గోడ విరగడం, ఆ గోడ గురించి పక్కింటివాళ్లతో మాటా మాటా పెరగడం, మనవడికి బెంగుళూరులో ఉద్యోగం, వీటన్నిటి మధ్యలో తాపీగా, తన కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యి ఇరవై రోజులైందని. నాకెవరూ చెప్పలేదేమని మా తమ్ముణ్ణి నిలదీస్తే "ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కదక్కా" అన్నాడు. వెతికితే శుభోదయం పూల బొమ్మల మధ్య దొరికింది. దాని కింద నేను దండం బొమ్మ కూడా పెట్టి ఉన్నాను! చదవకుండానే పెట్టేశానన్నమాట.

అందుకని పిల్లల్ని "బాగున్నారా" దగ్గర ఆగిపోనివ్వకండి. గేదె ఈనిందా, ఇంటికి సున్నం వేయించారా, మోకాలి నొప్పికి ఏ మందు వాడుతున్నారు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి ఈసారి వస్తున్నారా, ఇలాంటివి అడగమనండి. మీరు మాత్రం పక్కన నిలబడి అందించకండి. పోయినేడాది "మా తాతగారి కథ" రాసుకురమ్మంటే సగం కాగితాల మీద అమ్మల చేతిరాతే కనిపించింది, ఆ తాతలందరూ ఒకేలా క్రమశిక్షణ గల మనుషులు కూడానూ.

మన బడిలో చాలామంది పిల్లలకి అమ్మో పిన్నో కువైట్‌లో ఉంటారు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, మన రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్లకి ఏడు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి అప్పటికి పని తెమలదు, ముందుగా ఒక వాయిస్ మెసేజ్ పెట్టి ఏ వేళకి ఖాళీయో కనుక్కోండి. ఆ ఒక్కరోజు పిల్లలు ఆలస్యంగా పడుకున్నా ఫరవాలేదు. డల్లాస్‌లో ఉన్న బాబాయిలతో గొడవే లేదు, మన పొద్దున్న ఎనిమిదికి వాళ్లకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర.

అయిదో తరగతి పైవాళ్లు ఒక ఉత్తరం కూడా రాయాలి. ఇన్‌లాండ్ కవరు రెండున్నర రూపాయలు, పోస్టాఫీసులో పిల్లల చేతే కొనిపించండి. మొన్న క్లాసులో అమ్మమ్మగారి అడ్రస్ చెప్పమంటే "లొకేషన్ పెడతారు టీచర్" అన్నాడొకడు. మన కోనసీమ పిన్ కోడ్లు 533తో మొదలవుతాయనీ, ఈ ఆరంకెల పద్ధతి 1972లో వచ్చిందనీ చెబితే వింతగా చూశారు.

ఇంట్లో గొడవలుండి మాటల్లేని చుట్టాలుంటే వాళ్ల జోలికి వెళ్లొద్దు, అది పెద్దవాళ్ల పంచాయితీ, పిల్లల నెత్తిన పెట్టకండి. ఫోన్ చేయడానికి ఎవరూ లేని పిల్లలుంటే నాకు చెప్పండి. మా అత్తయ్య నంబరు ఇస్తాను, ఆ గోడ గొడవ ఇంకా తేలలేదు, వినేవాళ్ల కోసం ఆవిడ ఎదురుచూస్తోంది.

మీ హెడ్‌మిస్ట్రెస్