సంపెంగ కావాలంటే ఏమని అడగాలంటే

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూసి తెగ నవ్వుకున్నాన్రా, మీ అత్తగారికి సంపెంగలు తెస్తానని చెన్నై కోయంబేడు మార్కెట్‌కి పోయి సంపంగి అని అడిగి అరకిలో లిల్లీపూలు మోసుకొచ్చావా! పాపం వాడు నిన్ను మోసం చెయ్యలేదు. అక్కడ సంపంగి అంటే మన పెళ్లి దండల్లో గుచ్చే ఆ తెల్ల లిల్లీయే, మన పెద్దాళ్లు నేలసంపెంగ అంటారు చూడు, అదే. దాని పుట్టిల్లు మెక్సికో, మన సంపెంగకి ఏ వైపు నుంచీ చుట్టం కాదు. ఈసారి షెన్బగం అని అడుగు, చెట్టు సంపెంగలే ఇస్తారు.

మా వైజాగ్‌లో ఈ గొడవే లేదు, సంపెంగ అంటే సింహాచలం సంపెంగే. వసంతంలో మొదలైతే వానల దాకా వస్తూనే ఉంటాయి. కొనేటప్పుడు కోసుగా ఉన్న మొగ్గలే ఏరుకో (ముక్కుని సంపెంగతో పోల్చింది ఊరికే కాదు మరి), బాగా విచ్చుకున్నవి ఇంటికొచ్చేసరికే వడలిపోతాయి. గోరు తగిలితే చాలు అక్కడ గోధుమరంగు మచ్చ పడిపోద్ది, అందుకే అమ్మ తొడిమ పట్టుకునే తీస్తుంది, నీళ్ల గిన్నెలో వేసి హాల్లో పెడుతుంది, సాయంత్రం అయ్యేసరికి పక్క ఫ్లాట్ వాళ్లు కూడా ఆ వాసన ఏంటని అడుగుతారు. రేకులు రాలాక మధ్యలో పచ్చటి కంకిలాంటిది మిగుల్తుంది, కాయలు పట్టేది దానికే, అవి పగిలితే లోపల ఎర్రటి గింజలు. తుమ్మెద వాలదని కవులు ఈ పువ్వుని తెగ ఏడిపించారు గానీ దీని జాతి పూలకి పుప్పొడి మోసేది ఎక్కువగా పెంకుపురుగులేరా, తుమ్మెద రాకపోతే దానికేంటంట!

ఇంకోటి, ఎవరైనా ఆకుసంపెంగ అంటే మళ్లీ కన్ఫ్యూజ్ అవకు, అది మనోరంజితం. సీతాఫలం కుటుంబం. పువ్వు ఆకుపచ్చగా ఆకుల్లోనే దాక్కుంటుంది, వాసన వస్తుంది గానీ ఎక్కడుందో కనపడదు, పసుపు తిరిగాక పండిన పండు వాసన కొడుతుంది. నన్నడిగితే చెట్టు సంపెంగ కన్నా ఇదే బావుంటుంది, అమ్మ మాత్రం ఒప్పుకోదు. మీ బాల్కనీలో చెట్టు సంపెంగ పెడతానన్నావు, వద్దు బాబూ, అది మేడంత ఎత్తు పెరిగే చెట్టు. మనోరంజితం అయితే కత్తిరించుకుంటూ పెద్ద కుండీలో పెంచుకోవచ్చు, నర్సరీకి వెళ్లినప్పుడు ఫోన్ చెయ్, పేరు నేనే చెప్తా వాళ్లకి.