పెళ్లి కాగితం లేనివాళ్ల లెక్క

సంపాదకులకు,

స్వలింగ వివాహం మాటెత్తితే మన దగ్గర చర్చంతా సంస్కృతి చుట్టే తిరుగుతుంది. బ్యాంకులో, పీఎఫ్ ఆఫీసులో, దవాఖానాలో మాత్రం పెళ్లంటే ఒక కాగితం. అది లేక ఏమేం ఆగుతున్నాయన్నదే అసలు సంగతి.

స్వలింగ జంటల పెళ్లిని గుర్తించాలన్న కేసులో, ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చడం పార్లమెంటు పని అని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లలో మొదటి జంట హైదరాబాద్‌దే. తీర్పును మళ్లీ చూడాలన్న రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి వరంగల్‌లోనైనా జగిత్యాలలోనైనా కలిసి బతుకుతున్న ఇద్దరికి ప్రస్తుతానికి మిగిలింది విడివిడి కాగితాలే.

వీటిలో ముఖ్యమైనది వీలునామా. అది లేకుండా పెళ్లికాని హిందూ పురుషుడు చనిపోతే అతని స్వార్జితం తల్లికి పోతుంది. తల్లి లేకుంటే తండ్రికి, ఆయనా లేకుంటే తోబుట్టువులకు. ఇరవై ఏళ్లు కలిసున్న మనిషికి గుంట భూమి కూడా రాదు. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అయినా చేయించడమే మేలు, రేపు గొడవ వస్తే అక్కరకొస్తుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆస్తి పొందే మనిషినే సాక్షిగా పెట్టి చాలామంది అనుమానానికి తావిస్తారు. మరీ పెద్ద వయసు వాళ్లనూ పెట్టొద్దు. వీలునామా రుజువు చేయడానికి సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు రావాల్సి ఉంటుంది.

స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఖాతా 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు నడిపే) పద్ధతిలో తీసుకోవాలి. ఇద్దరి సంతకాలూ కావాలని రాయిస్తే ఒకరు పోయిన రోజే ఖాతా ఆగిపోతుంది. ఇంకో మాట: నామినీ సొమ్ము తీసుకునేవాడే తప్ప యజమాని కాడు. వారసులు దావా వేయొచ్చు. నామినేషన్ ఉంది కదా అని వీలునామా మానేసిన చోటే దెబ్బ తగులుతుంది.

మానసిక వైద్యంలో కొంత నయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మేజరైన ఎవరినైనా తన ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు.

ఎన్ని కాగితాలు రాసుకున్నా దాటలేని గోడలున్నాయి. తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులున్న ఉద్యోగి పీఎఫ్‌కు భాగస్వామిని నామినీగా పెడితే చెల్లదు. ఒకరు మరొకరికి ఏడాదిలో 50,000 రూపాయలు మించి ఇస్తే తీసుకున్నవారు పన్ను కట్టాలి, అదే భార్యాభర్తలైతే లేదు. కారుణ్య నియామకం, ఫ్యామిలీ పెన్షన్ ఊసే లేదు. పిల్లలను దత్తత తీసుకున్నా ఒక్కరి పేరునే.

వీటిలో చాలావరకు కేంద్రం చేతిలో ఉన్నవి. రాష్ట్రం చేతిలో ఉన్నదీ ఒకటుంది. రేషన్ కార్డు కోసం ఇలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడాలని 2024 ఆగస్టులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్న పౌరసరఫరాల శాఖ ఆ మాటను జిల్లా అధికారులకు, మీసేవ కేంద్రాలకు తెలుగులో పంపి, దరఖాస్తులో 'సంబంధం' గడిలో 'భాగస్వామి' అని రాసే వీలుండేలా చూడాలి.

ఇద్దరు న్యాయవాదులు,
హనుమకొండ