జిగురు పొగలో తేలే వేలిముద్రలు

ఒరేయ్ శీనూ,

అత్తమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో ఫెవిక్విక్ పొగతో వేలిముద్రలు ఎలా తేలుస్తారని అడిగావు కదా. మెట్రో రొదలో చెప్పలేక పెట్టేశాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ఇక్కడ ఉస్మానియాలో ఫోరెన్సిక్ చదువుతుంటే నన్ను బాగా పట్టేసింది ఇదేరా. ఏది ముట్టుకున్నా వేలి గీతల చెమట, జిడ్డు దానికి అంటుకుంటాయి, కంటికి కనపడవు. ఆ వస్తువుని మూసిన పెట్టెలో ఉంచి, చిన్న అల్యూమినియం గిన్నెలో జిగురు చుక్కలు వేసి 120 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఫెవిక్విక్ లాంటి ఆ జిగురు పేరే సయనోఅక్రిలేట్. దాని ఆవిరి చెమట ఉన్న గీతల మీదే గట్టిపడి తెల్లగా పేరుకుంటుంది.

దీన్ని కనిపెట్టాలని ఎవరూ కూర్చోలేదు. 1977లో జపాన్‌లోని సాగా పోలీసు ల్యాబులో మత్సుమురా అనే ఆయన ఒక టాక్సీ డ్రైవర్ హత్య కేసులో దొరికిన వెంట్రుకల్ని ఈ జిగురుతో గాజు పలక మీద అతికిస్తున్నాడు. ఆ గాజు మీద తన వేలిముద్రలే తెల్లగా తేలడం చూశాడు. చూసి ఊరుకోకుండా ముద్రల పని చేసే సహోద్యోగికి చెప్పాడు చూడు, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

పెట్టెలో తేమ 80 శాతం దగ్గర ఉండాలి. మన మే నెల గాలిలో అంత తేమ ఎక్కడిది? మామూలు పెట్టె అయితే లోపల వేడినీళ్ళ కప్పు పెట్టాల్సిందే. అసలు కష్టం ఎప్పుడు ఆపాలో తెలియడం. పొగ ఎక్కువైతే గీతల మధ్య సందులూ తెల్లబడి ముద్ర అలుక్కుపోతుంది. అందుకే పక్కన ఇంకో ముక్క మీద మన వేలిముద్ర వేసి ఉంచి, అది తేలగానే ఆపేస్తారు. తెల్ల పాలిథిన్ కవర్ మీద తెల్ల ముద్ర కనపడదు కాబట్టి రోడమిన్ రంగు పట్టించి ఆకుపచ్చ కాంతిలో చూస్తారు, గీతలు మెరుస్తాయి. గాజు, ప్లాస్టిక్, లోహాలకే ఈ పద్ధతి. కాగితానికి నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వాడతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతానురా. ముద్ర దొరికితే ఆ మనిషి దాన్ని ముట్టుకున్నాడని తెలుస్తుంది, అంతే. ఎప్పుడు, ఎందుకు అన్నది తెలియదు. ముద్ర దొరకగానే దొంగ దొరికాడని జనం అనేస్తుంటే బాధేస్తుంది.

పిల్లలు అడిగారని ఇంట్లో మాత్రం చేయకు. ఆ పొగకి కళ్ళు, గొంతు మండుతాయి, వేడి మరీ ఎక్కువైతే విషవాయువు పుడుతుంది. దసరాకి వాళ్ళని తీసుకురా, మా సార్‌ని అడిగి ల్యాబులోనే చూపిస్తాను.

నీ
రఘు