తాత వాచీ పంపిస్తున్నా

బెంగళూరు,
ఆదివారం రాత్రి

చిన్నా,

మొన్న ఫోన్లో "తాత కొట్టు సామాను ఏం చేశారు నాన్నా" అని అడిగితే మాట దాటేశాను. ఇవాళ ఖాళీ చేసి వచ్చాను కాబట్టి రాస్తున్నా. ఫోన్లో అయితే మధ్యలో నాకు గొంతు పట్టేస్తుంది, నువ్వేమో "సిగ్నల్ లేదా" అంటావు.

కొట్టంటే నువ్వు చూసిందే. అవెన్యూ రోడ్డులో మెట్ల కింద, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత జాగా. 1968లో మదనపల్లె నుంచి వచ్చి, మేనమామ దగ్గర వాచీలు బాగుచేసే పని నేర్చుకుని, ఆ మెట్ల కింద చేరాడు తాత. కరోనా వచ్చేదాకా అక్కడే. సామానంతా కలిపి ఒక గోనెసంచి నిండలేదు. కంటికి పెట్టుకునే గ్లాసు, శ్రావణాలు, పెట్రోలు పోసుకునే గాజు గిన్నెలు, రంగు వెలిసిన స్ట్రాపులు. ఇంకా ఎవరూ వచ్చి తీసుకెళ్ళని వాచీలు పదకొండు, ఒక్కోదానికి దారంతో చీటీ. ఒక చీటీ మీద "మార్కెట్ పూలాయన, తొందర" అని ఉంది. తేదీ 1993.

మీకిప్పుడు వాచీ అంటే ఫోన్‌కి చుట్టం. అప్పుడు అలా కాదు. జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి హెచ్‌ఎంటీ వాళ్ళు 1961లో మన ఊళ్ళోనే వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తర్వాత పెళ్ళి కుదిరితే అల్లుడి చేతికి హెచ్‌ఎంటీ పెట్టాల్సిందే. తాతకూ 1972లో మామగారు హెచ్‌ఎంటీలోనే జనతా అనే మోడలు పెట్టాడు. పదిహేడు రాళ్ళ మెషిన్. ఆ రాళ్ళు కెంపులేరా అని నాకు చెప్పి, నేను నోరు తెరిచాక, "గనిలోవి కాదులే, ఫ్యాక్టరీలో చేసినవి, చక్రాలు అరిగిపోకుండా" అని నవ్వేవాడు.

పనిలో తాతది ఒకటే మొండితనం. స్ప్రింగు మార్చమని వచ్చినవాడికి లోపల నూనె ఎండిందంతే అని చెప్పి, కడిగి, పదిహేను రూపాయలు తీసుకుని పంపేవాడు. పక్క కొట్టాయన నవ్వేవాడు. మీ అవ్వ నవ్వేది కాదు. "ఆ నిజాయితీతో పులుసు కాచమంటావా" అనేది. నిజం చెప్పాలంటే నేనూ అవ్వ పక్షమే. కాలేజీలో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తాడంటే "బిజినెస్" అనేవాణ్ణి.

నీకు తెలియనిది ఒకటి చెప్తా. మీ అత్త నాలుగో తరగతిలో ఉండగా అవ్వ బావి దగ్గర జారి పడి చెయ్యి విరిగింది. రెండు నెలలు కట్టు. అత్తకు జడలు ఎవరు వేస్తారు? తాతే. వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగుని శ్రావణంతో పట్టే మనిషి కదా, పాయ పాయ సమానంగా తీసి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టేవాడు. బళ్ళో టీచరు "ఎవరే వేసింది" అని అడిగిందట. కట్టు విప్పాక అవ్వ దువ్వెన తీసుకుంటే మీ అత్త ఏడుపు, నాయనే వెయ్యాలని.

ఇక వాచీ సంగతి. 1989లో నా ఎస్సెస్సెల్సీ పరీక్షలకు తాత తన జనతా తీసి నా చేతికి కట్టాడు. రెండో పరీక్ష ముందు రోజు సాయంత్రం దాన్ని తీయకుండానే బకెట్లో చెయ్యి పెట్టేశాను. అద్దం లోపల ఆవిరి. ముల్లు ఆగిపోయింది. టెన్షన్‌తో అన్నం కూడా దిగలేదు. రాత్రి తాత రాగానే చెయ్యి చాపాను. తిడతాడనుకుంటే, "కాళ్ళు కడుక్కొచ్చేస్తా, లైటు ఇటు తిప్పు" అన్నాడు.

వెనక మూత తీస్తే ఒక చుక్క కారింది. ఒక్కో చక్రం విప్పి పెట్రోల్లో ముంచి, తుడిచి, దుమ్ము పడకుండా టీ గ్లాసు బోర్లించి దాని కింద పెట్టాడు. ఆ సన్న స్ప్రింగు చుట్టలు అంటుకుపోయి ఉన్నాయి. ఊపిరి బిగపట్టి శ్రావణం మొనతో విడదీశాడు. సూదితో చీమ కన్నీరంత నూనె. పన్నెండు దాటాక బాలెన్స్ చక్రం పెట్టి వేలితో అలా తాకాడో లేదో, అటూ ఇటూ ఊగింది. సెకనుకు ఐదు దెబ్బలు, గంటకు 18,000 అని అప్పుడే చెప్పాడు. "ఇక పడుకో, రేపు పరీక్ష" అన్నాడు. ఆ వాచీ మళ్ళీ ఎప్పుడూ తన చేతికి పెట్టుకోలేదు, నేనూ తిరిగివ్వలేదు.

తర్వాత సెల్లు వాచీలు వచ్చి పని తగ్గింది. "దీంట్లో పనేముంది, సెల్లు మార్చడమేగా" అని గొణుగుతూనే మార్చేవాడు. 2016లో వాచీల ఫ్యాక్టరీ మూసేస్తున్నారని పేపర్లో చదివి ఆ రోజు కొట్టు తెరవలేదు. విచిత్రం ఏమిటంటే ఆ తర్వాతే నీ వయసు కుర్రాళ్ళు వాళ్ళ తాతల జనతాలు పట్టుకుని రావడం మొదలైంది.

మన జనతా నీకు కొరియర్ చేస్తున్నా. పొద్దున పళ్ళు తోముకున్నాక కీ ఇవ్వు, బిగుసుకున్నట్టు అనిపిస్తే అక్కడ ఆపు. స్నానానికి ముందు తీసెయ్యి. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది, వెనక చిన్న ముల్లు జరిపితే సరిపోతుంది, ఎలాగో నాకూ తెలుసు. తాత చెయ్యి పెట్టిన చోటు, కదపలేదు.

మీ అమ్మ అదే పార్శిల్లో గోంగూర పచ్చడి పెట్టింది. వాచీ పాత పంచె ముక్కలో చుట్టి పైన ఉంచాను, ముందు అది తీసి పక్కన పెట్టుకుని తర్వాత సీసా తెరువు.

మీ నాన్న